అక్షరమునకు ముందు ధ్వని

మన యిండ్లలో విద్యారంభ మొక పండుగ. పళ్ళెములో బియ్యము పోసి, బిడ్డ చూపుడువ్రేలు పట్టుకొని, పెద్దలు ఓనమాలు దిద్దింతురు. వీధిలోని పిల్లలకు పలకలును బలపములును పంచిపెట్టుదురు. ఆనాటి సంతోషమును తక్కువచేసి పలుకుట మా యుద్దేశము గాదు. కాని పండుగ ముగిసిన మరునాటినుండి ఆ బిడ్డ చదువు ఏ త్రోవను నడచుచున్నదో విచారించువారు మనలో మిక్కిలి కొద్దిమంది. అక్షరములను వరుసగా అప్పగించిన బిడ్డకు చదువు వచ్చినదని నమ్ముదుము. అప్పగించుట యొకటి, చదువుట మరియొకటి. ఈ రెంటికిని గల భేదమును మనము గుర్తింపకపోవుటచేత ఎందరో చురుకైన బిడ్డలు మందబుద్ధులని పేరుపడి, బడికి దూరమగుచున్నారు.

చదువుట యనగా నేమి? నోటిమాట ధ్వనుల వరుస. అక్షరము ఆ ధ్వనికి గుర్తు. చదువరి గుర్తును చూచి ధ్వనిని జ్ఞప్తికి తెచ్చుకొని, ధ్వనులను ఒకదానితో నొకటి కలిపి, అట్లు కలిపినది తా నెరిగిన మాటయే యని గ్రహించును. ఈ మూడు పనులును జరిగిననే చదువు. మనము కన్నుమూసి తెరచునంతలో ఈ మూటిని జరుపుకొందుము గనుక వాని యునికినే మరచితిమి. బిడ్డకు ఒక్కొక్కటియు ఒక మెట్టు. నడిమి మెట్టు తీసివేసి పైకి రమ్మని పిలిచినచో బిడ్డ దూకవలెను, లేదా పడవలెను. దూకగలవారిని మెచ్చుకొని, పడినవారిని దండించుట చాలకాలముగా మన యాచారమైనది.

మా యింట పనిచేయు నామెకు ఎనిమిదేండ్ల కూతురు కలదు. ఆ పిల్ల మూడవ తరగతి చదువుచుండెను. ఒకనాడు తల్లి మాతో, “అది ఉత్త మొద్దండీ అమ్మగారూ! మూడేళ్ళనించీ బడికి పోతోంది, ఒక్క ముక్క రాలేదని మేష్టారు చెప్పారు. సంక్రాంతి తరువాత మానిపించి నాతోపాటు పనికి తీసుకుపోదామనుకుంటున్నాను” అనెను. ఆ మాటలో కోపము లేదు, బిడ్డపై ద్వేషమును లేదు. లెక్క చూచుకొన్న మనిషి పలుకు మాత్రమే. చదువు రాని బిడ్డకు బడి యెందుకను ప్రశ్నకు ఆమెయొద్ద సమాధానము లేకుండెను.

పిల్లను పిలిచి పుస్తకము చదువుమంటిమి. పాఠమును తడబడక చదివెను. రెండవ పాఠమును అట్లే చదివెను. మేము ఆశ్చర్యపడి, ఒక కాగితముపై ‘రామ’ అని వ్రాసి చూపితిమి. “రామ” అనెను. ఆ రెండక్షరములనే తలక్రిందులు చేసి ‘మరా’ అని వ్రాసితిమి. మరల “రామ” అనెను. బోయవాడు మరా మరా యనుచు రామనామమునకు చేరెనని కథ చెప్పుదురు. ఈ పిల్ల రామునియొద్దనే నిలిచిపోయి మరా యనుటకు రాలేకపోయెను. అప్పుడు సంగతి తేటపడినది. ఆమె చదువుటలేదు. బొమ్మను చూచి, పుటను గుర్తుపట్టి, తోటిపిల్లల నోటినుండి విన్న పాఠమును ఒప్పగించుచున్నది. మూడేండ్లపాటు వినికిడిచేతనే పాఠములన్నిటిని నిలుపుకొన్న బిడ్డను మొద్దని యెట్లనవచ్చును? అంతటి జ్ఞాపకశక్తి మనలో నెందరికి గలదు?

ఈ పరీక్ష మేము క్రొత్తగా కనిపెట్టినది కాదు. ఇంగ్లండు దేశమున 2012 మొదలుకొని ఆరేండ్ల ప్రాయపు బాలబాలికలకు నలుబది మాటలు ఇచ్చి చదివించుచున్నారు. అందులో ఇరువది మాటలకు అర్థమే లేదు. అర్థములేని మాటను బిడ్డ ఊహించి చెప్పలేదు, ముందు విని యుండదు, అక్షరముల ధ్వనులను కలిపియే పలుకవలెను. కలుపుట వచ్చినదో లేదో తెలిసికొనుటకు ఇంతకంటె సుళువైన యుపాయము లేదు. ఏ తల్లియైనను తన యింట అయిదు నిమిషములలో చేసి చూడవచ్చును.

ఆ పిల్లకు ధ్వనిమార్గమున చదువు చెప్ప నారంభించితిమి. మొదటి పక్షము దినములు పలక ముట్టలేదు. చెవికే పాఠము. మన పిల్లలు ‘క భాష’ యని ఒక రహస్యభాష ఆడుకొందురు. ప్రతి యక్షరమునకు ముందు ‘క’ చేర్చి, ‘నువ్వు రా’ అనుటకు ‘కనుకవ్వు కరా’ అందురు. మాటను ముక్కలుగా విడదీయు శక్తి లేనిచో ఈ యాట సాగదు. ఆ పిల్ల ఈ భాషలో మమ్ము మించినది. కావున ముక్కలు వినుట ఆమెకు వచ్చును. అటనుండి ఒక మెట్టు దిగి, ‘కల, కాలు, కీలు, కుండ – వీనిలో మొదట నొకేరీతిగా వినబడున దేది?’ అని యడిగితిమి. ‘తల, వల, కల – వీనిలో చివర కలిసిన దేది?’ అని యడిగితిమి. ఈ యాటకు అక్షరజ్ఞానము అక్కరలేదు. అంట్లు తోముచు తల్లియు చెవియొగ్గి, నాలుగవనాటికి తానే మాటలు అందింప సాగెను. చదువురాని తల్లి బిడ్డకు చదువు చెప్పలేదను మాట సగమే నిజము. చదువులో మొదటి సగము చెవిది.

తరువాత అక్షరములు. వర్ణమాల వరుసను పట్టలేదు. ప, ల, క, త, ర, మ అను ఆరింటిని మాత్రము తీసికొంటిమి. ఈ యారింటితో పలక, తల, కల, లత, కలత, మమత యని చదువవచ్చును. దీర్ఘ మొక్కటి చేర్చినంతనే తాత, పాప, మామ, పాక, రామ యని యిల్లంతయు పుస్తకములోనికి వచ్చును. ఆరక్షరములు, ఒక గుర్తు, పదునొకండు మాటలు. మూడేండ్లలో తనంత తానుగా ఒక్క మాటయు చదువని పిల్ల మూడు వారములలో ‘పాక’ యని చదివి, మా ముఖము చూచి, సరియేనా యని యడుగక, తానే తల యూచుకొనెను.

ఇచట మా పెద్దన్నగారు అడ్డుపడిరి. “మన వర్ణమాల శాస్త్రీయమైనది గదా! కంఠమున బుట్టునవి మొదలు పెదవుల బుట్టునవి వరకు ఋషులు క్రమముగా నమర్చిరి. దానిని చెదరగొట్టుట యెందుకు? మేమందరము ఆ వరుసతోనే నేర్చుకొనలేదా?” అనిరి. వర్ణమాల శాస్త్రీయమనుట సత్యము. క-వర్గము కంఠమున, చ-వర్గము తాలువున, ప-వర్గము పెదవులయందు బుట్టునని చూపు అంతటి చక్కని యమరిక లోకములో నరుదు. కాని అది ధ్వనుల నెరిగినవాడు ధ్వనులకు వేసిన పట్టిక. ఎరుగనివానికి త్రోవ చూపు పటము గాదు. ఙ, ఞ లతో బిడ్డ యెరిగిన మాట యొక్కటియు ఆరంభము గాదు. ౠ, ఌ, ౡ లు నేర్చి వ్రాయవలసిన యవసరము పండితులకే యరుదు. వానికొరకు వారములు గడపి, అనుదినము పలుకు మాటలలోని ల, మ, ర లను మాసముల తరువాతికి త్రోయుట యెందులకు? వర్ణమాలను పదియేండ్లకు నేర్పుడు, బిడ్డ దాని సొగసును చూచి మెచ్చుకొనును. ఇక తమరు నేర్చుకొనలేదా యనిరి గదా, నేర్చుకొన్నవారే నేడు మాటలాడుచున్నారు. నేర్చుకొనలేక లేచిపోయినవారు ఈ వాదములోనికి రాలేదు.

గుణింతము విషయమున మరియొక చిక్కు గలదు. ‘క గుడి కి, క కొమ్ము కు’ అని పాడుట మన యలవాటు. ఇది గుర్తు పేరు చెప్పుటయే గాని ధ్వని చెప్పుట గాదు. ‘క’ లో ‘క్’ అను హల్లును ‘అ’ అను అచ్చును కలిసియున్నవనియు, గుడి వచ్చినప్పుడు ‘అ’ తొలగి ‘ఇ’ వచ్చుననియు బిడ్డకు తెలియదు. పాటవలన పట్టిక వచ్చును, కీలకము రాదు. మేము పట్టికను అడ్డముగా త్రిప్పితిమి. క గుణింతమును పూర్తిచేసి గ కు పోవుటకు మారుగా, కి, తి, పి, మి, రి, లి అని గుడి వరుసను ఒకనాడు, కు, తు, పు, ము, రు, లు అని కొమ్ము వరుసను మరియొకనాడు చెప్పితిమి. ‘వీనియన్నిటి చివర ఏమి వినబడుచున్నది?’ అనిన ప్రశ్నకు పిల్ల “ఇ...” యని సాగదీసెను. గుడి యనగా ‘ఇ’ యని నాటినుండి మరి చెప్పవలసిన పని లేకపోయెను. చూపునకు ఒకటివలె నుండు అక్షరములను, ద థ ధ లను, మ య లను, ప వ ష లను, ఒకేదినమున చెప్పకుండ జాగ్రత్తపడితిమి.

అన్నిటికంటె కష్టమైనది ఒత్తు. ‘శక్తి’ అను మాటను చూడుడు. కన్నునకు పైన కనబడునది ‘కి’. క్రింద త ఒత్తు. కాని నోట పలుకవలసినది ‘క్’ తరువాత ‘తి’. గుడి యొక యక్షరము నెత్తిపై నుండి మరియొక యక్షరము వెంట పలుకబడుచున్నది. బిడ్డ ‘శకిత’ యని చదివినచో అది తెలివితక్కువ గాదు. చూచినది చూచినట్లు చదివినది. ఒత్తు వచ్చినచోట అచ్చు చివరకు జరుగునని యొక్కసారి విడమరచి చెప్పి, భక్తి, రాత్రి, మంత్రి యని నాలుగు మాటలు చదివింపవలెను. సున్నయు నిట్టిదే. ‘సంపద’లో ‘మ్’ గాను, ‘పంట’లో ‘ణ్’ గాను, ‘అందము’లో ‘న్’ గాను పలుకుచు, వెనుకవచ్చు నక్షరమునుబట్టి రూపు మార్చుకొనును. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. ఆ లిపి నేర్చు బాలబాలికలను పరిశీలించి సొనాలి నాగ్‌గారు 2007లో ప్రకటించిన పరిశోధనలో, అక్షరములన్నియు పట్టుబడుటకు మొదటి రెండు తరగతులు చాలవనియు, అక్షరములోని హల్లును అచ్చును వేరుచేసి వినగల శక్తి మెల్లగా వచ్చుననియు తేలినది. కావున మూడవ తరగతి బిడ్డ ఒత్తులయొద్ద ఆగుట వింత గాదు. ఆగినచోట చేయూత నీయకపోవుటయే వింత.

ఇక ఆంగ్లము. నేడు మన యిండ్లలో మూడేండ్ల బిడ్డయు ‘ఎ ఫర్ యాపిల్’ అనుచున్నది. తెలుగక్షరము పేరే దాని ధ్వని. ‘ల’ పేరు ‘ల’. ఆంగ్లమున అట్లు గాదు. ‘ఎయిచ్’ అను పేరులో ‘హ్’ వినబడుటయే లేదు. ‘డబ్ల్యు’ అను పేరులో ‘వ్’ ధ్వని లేదు. ‘సి, ఎ, టి’ అని యెన్నిసార్లు గట్టిగా పలికినను ‘సీయేటీ’ యగును గాని ‘క్యాట్’ కాదు. పేర్లు మాత్రమే నేర్చిన బిడ్డ మాటను మాటగా కంఠస్థము చేయవలసినదే. ఇరువదియారు అక్షరములతో సుమారు నలుబదినాలుగు ధ్వనులను వ్రాయు భాషలో ఈ కంఠస్థ మెంతదూరము సాగును?

ఈ వివాదము ఆంగ్లదేశములలోనే చాలకాలము సాగినది. మాటను చిత్రమువలె మొత్తముగా చూపి నేర్పవలెనని కొందరు, ధ్వనులను విడివిడిగా చెప్పి కలుపుట నేర్పవలెనని కొందరు వాదించిరి. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ ‘వై జానీ కాంట్ రీడ్’ అను గ్రంథమున మొదటి పద్ధతిని తీవ్రముగా ఖండించెను. 2000 సంవత్సరమున అమెరికాలో ‘నేషనల్ రీడింగ్ ప్యానెల్’ అను పండితమండలి అనేక పరిశోధనలను పరికించి, క్రమబద్ధముగా ధ్వనులు నేర్పుట బాలురకు మేలు చేయుచున్నదని తేల్చెను. 2006లో ఇంగ్లండున జిమ్ రోజ్ నివేదికయు అదే చెప్పెను. ఈ పద్ధతికే ‘ఫోనిక్స్’ అని పేరు.

దీనిని మన యింట నేర్పుటకు మనకొక యానుకూల్యము గలదు. మన లిపిలో పొల్లు ఉన్నది. శుద్ధమైన హల్లును ‘స్’, ‘ప్’, ‘ట్’ అని వ్రాసి చూపగలము. పెక్కుబడులలో ఉపాధ్యాయులు ‘బు, అ్యా, టు’ అని చెప్పుచున్నారు. బిడ్డ వానిని కలిపినచో ‘బుఅ్యాటు’ అగును గాని ‘బ్యాట్’ కాదు. మాట చివర ‘ఉ’ చేర్చుట తెలుగు నోటికి సహజము గనుక మనము మరింత జాగ్రత్తపడవలెను. సాగదీయుటకు వీలగు స్, మ్, న్, ఫ్ ధ్వనులతో ఆరంభించుట మేలు. ‘జాలీ ఫోనిక్స్’ అను ప్రసిద్ధపద్ధతిలో మొదట నేర్పునవి ‘ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్’ అను ఆరక్షరముల ధ్వనులు. స్, అ్యా, ట్, ఇ, ప్, న్. వీనితోనే స్యాట్, పిన్, ట్యాప్, నిప్, స్పిన్ మొదలగు మాటలన్నియు ఏర్పడును. మా ‘పలక’ పాఠమునకును దీనికిని సూత్ర మొక్కటియే: కొద్ది ధ్వనులు, వెంటనే మాటలు. తరువాత రెండక్షరములు కలిసి ఒక ధ్వని యగు ‘ష్’, ‘చ్’ వంటివియు, మాట చివర మూగగా నుండి ముందరి అచ్చును మార్చు ‘ఇ’ యు నేర్పవలెను. ‘సెడ్’, ‘వన్’ వంటి కొన్ని మాటలు ఏ నియమమునకును లొంగవు. వానిని లొంగనివని చెప్పియే కంఠస్థము చేయింపవలెను. నియమమున్నచోట నియమము, లేనిచోట జ్ఞాపకము.

తెలుగు పలికినట్లు వ్రాయు భాష గనుక తప్పులకు తావులేదని మనలో గర్వము గలదు. అది పూర్తిగా నిజము గాదు. ‘చాప’లోని చకారమును ‘చేప’లోని చకారమును ఒకటి గావు, అక్షర మొక్కటియే. ‘చెప్పాడు’, ‘చెప్పేడు’ అని రెండువిధముల వ్రాయబడు మాటలో నోట వినబడు అచ్చునకు అక్షరమే లేదు. ఆంగ్లములోని ‘క్యాట్’ అచ్చును దానికి దగ్గరిదే. శ, ష, స లను వేర్వేరుగా పలుకువారు కొద్దిమంది. బిడ్డ ‘శనగలు’ అనుటకు ‘సెనగలు’ అని వ్రాసినచో, అది విన్నది విన్నట్లు వ్రాసినది. అది ధ్వని విషయమున సరియే, ఆచారము విషయమున దిద్దవలసినది. ఈ రెండు తప్పులను ఒకే యెఱ్ఱగీతతో కొట్టివేయరాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున సవరల నడుమ తిరిగి, లిపిలేని వారి భాషను చెవితో విని నేర్చుకొని, ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, సవర బాలురకు బడి పెట్టించిరి. వారి సవరభాషా గ్రంథము 1931లో వెలువడెను. బిడ్డ నోట నున్న ధ్వనికి మొదట గౌరవ మిచ్చిననే అక్షరమునకు గౌరవము కలుగునని వారి కృషి మనకు నేర్పుచున్నది.

మన పూర్వుల పద్ధతిలో మేలు లేదనియు మేము చెప్పము. వ్రేలితో ఇసుకపై వ్రాయించుట మన వీధిబడులనాటి యాచారము. చెన్నపట్టణపు ఎగ్మూరులో అనాథబాలుర బడిని నడపిన ఆండ్రూ బెల్ దొర, మనవారి బడిలో పిల్లలు ఇసుకపై వ్రాయుచుండుటను చూచి, దానిని తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో గ్రంథరూపమున ప్రకటించెను. అక్షరము వ్రాయుచు దాని ధ్వనిని నోట పలుకుట, కన్ను, చేయి, చెవి మూడును ఏకమగుట నేటికిని మంచి పద్ధతియే. మనము నిలుపుకొనవలసినది ఇసుకను, విడువవలసినది అర్థములేని యప్పగింతను.

ధ్వనిమార్గమే సర్వస్వమనియు పొరబడరాదు. అది తలుపు తీయు తాళపుచెవి. ఇంటిలో కథలు, సామెతలు, మాటల సంపద లేనిచో తలుపు తీసినను లోపల శూన్యమే. బిడ్డకు అనుదినము ఒక కథ చదివి వినిపింపవలెను. తా నెరిగిన మాటలే పుస్తకమున కనబడునట్లు మొదట తల్లిభాషలో చదువు చెప్పి, ఆపైని ఆంగ్లము చెప్పుట మేలు.

మా యింటి ముచ్చటకు ముగింపు గొప్పది గాదు. ఆషాఢమున మొదలిడి సంక్రాంతి వరకు దినమునకు అరగంట చెప్పితిమి. పండుగనాటికి ఆ పిల్ల ఒత్తులులేని పుటను తనంత చదువుచుండెను. ఒత్తుల యొద్ద నిలిచి, పెదవులు కదల్చుకొని, ముందుకు పోవుచుండెను. అర్థములేని మాటలు వ్రాసి యిచ్చినచో నవ్వుచు చదువుచుండెను. తల్లి పని మాట మరి యెత్తలేదు. ఇప్పు డాపిల్ల నాలుగవ తరగతిలో నున్నది.

ఒక్క పిల్ల సంగతి యింత దీర్ఘముగా వ్రాయుట దేనికని చదువరు లడుగవచ్చును. ‘అసర్’ అను పేర వెలువడు విద్యాపరిశీలనలో 2018లో దేశమునందలి గ్రామసీమలలో మూడవ తరగతి బాలబాలికలలో నూటికి 27.3 మందియే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. అంటువ్యాధిచే బడులు మూతబడి తెరచిన పిమ్మట 2022లో ఆ సంఖ్య 20.5 కు దిగెను. మిగిలినవారందరును మొద్దులా? వారికి మెదడు తక్కువయని యెవ్వరును నమ్మజాలరు. వారిలో ననేకులకు నడిమి మెట్టు చూపబడలేదు. 2021లో కేంద్రప్రభుత్వము ‘నిపుణ్ భారత్’ అను పేర, మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు అర్థము చేసికొని చదువవలెనని పని పూనినది. మంచిదే. కాని ప్రభుత్వము బిడ్డ ప్రక్కన కూర్చుండి ‘నీవు విన్నదేమి?’ అని యడుగజాలదు. ఆ పని యింటిది.

కావున సోదరీసోదరులారా! మీ యింట బిడ్డ యున్నచో, పొరుగింట బిడ్డ యున్నచో, మీ యింట పనిచేయువారి బిడ్డ యున్నచో, ఈ వారమే ఒక కాగితముపై అర్థములేని రెండు మాటలు వ్రాసి చదివింపుడు. చదివినచో సంతోషింపుడు. చదువలేకపోయినచో కోపింపకుడు, బిడ్డ యెదుట నిట్టూర్పు విడువకుడు. ఆరక్షరములు తీసికొని, వాని ధ్వనులు చెప్పి, వానితో ఏర్పడు మాటలు చదివించి, దినమున కరగంట కూర్చుండుడు. ఖర్చు ఒక పలక, ఒక బలపము. పుణ్యమును గూర్చి మేము చెప్పజాలము గాని, ఫలమును మీరే కనులార చూతురు.